అప్పగింతల క్యాసెట్

నాకు ఓపిక తక్కువ. కోదాడలో ఇన్నేళ్లుగా పిల్లలకు లెక్కలు చెబుతున్నా అది పెరగలేదు. ఆ కెమెరాను స్క్రూడ్రైవర్‌తో పెకలించి తెరవమని మా అన్నయ్యతో ఎన్నిసార్లు పోట్లాడానో నాకే గుర్తులేదు.

అన్నయ్యకు మిర్యాలగూడలో ఫోటో స్టూడియో ఉంది. నా పెళ్లి వీడియో తనే తీశాడు. ఆఖరి క్యాసెట్, అంటే అప్పగింతలది, కెమెరాలోనే ఇరుక్కుపోయింది. మీట నొక్కితే గుర్రుమంటుంది, మూత మాత్రం తెరుచుకోదు. పెళ్లయిన ఆర్నెల్లకే నాయిన పోయాడు. ఆయన ఫోటోలు బోలెడున్నాయి గానీ, మిగతా క్యాసెట్లలో బాజాల మోతే కాబట్టి, గొంతు ఉన్నది ఆ ఒక్క క్యాసెట్‌లోనే. “గుంజితే టేపు తెగుతది చెల్లె” అని అన్నయ్య దాన్ని ఇరవయ్యేళ్లు బీరువాలో చీరల మధ్య దాచాడు. నిజం చెప్పాలంటే నాయిన గొంతు ఎలా ఉండేదో నేను మర్చిపోయాను. సిగ్గేసి ఆ మాట ఎవరితోనూ అనలేదు.

చూపించిన చోటల్లా పారేయమన్నారు. చివరికి సూర్యాపేటలో, ఒక సందులో టీవీలు, మిక్సీలు బాగుచేసే పెద్దాయన దగ్గరికి వెళ్లాం. ఆయన వెంటనే విప్పుతాడనుకున్నాను. ఎక్కడ! కరెంటు తగిలించి, కెమెరాను చెవి దగ్గర పెట్టుకుని మీట నొక్కాడు. మళ్లీ నొక్కాడు.

“ఇంటున్నరా? మోటరు తిరగవోయి ఆగుతున్నది. మోటరే కరాబైతే సప్పుడు రాదు. లోపల ఏందో అడ్డం పడ్డది” అన్నాడు. తర్వాత అన్నయ్యను అడిగాడు. “ఈ క్యాసెట్ ఎప్పుడు పెట్టినవ్ తమ్మీ?”

అన్నయ్య గుర్తు చేసుకున్నాడు. “పుస్తె కట్టంగనే పాతది అయిపోయిందన్నా. పీటల పక్కనే నిలవడి మార్చిన.”

“అందరు అక్షింతలు ఇసురుతుంటె మూత తెరిసినవా?”

అన్నయ్య తల దించుకున్నాడు. పెద్దాయన నవ్వుకుని, ఒక అట్టముక్క మీద కెమెరా బొమ్మ గీశాడు. విప్పిన ప్రతి స్క్రూనూ ఆ బొమ్మలో దాని చోటే పెట్టాడు. టార్చి వేసి, సన్నటి పట్టుకారుతో రెండు పళ్ల చక్రాల మధ్య నుంచి పసుపు పట్టిన సగం బియ్యపు గింజను తీసి నా అరచేతిలో పెట్టాడు.

ఇరవయ్యేళ్ల నా కోపమంతా ఆ సగం గింజ మీదే అన్నమాట!

“ఇగ మీట నొక్కండి” అన్నాను.

“ఆగమాగం జేస్తే అయితదా అమ్మా? టేపు ఇంకా చక్రానికి చుట్టుకొనే ఉన్నది” అన్నాడు, విసుక్కోకుండా. చిన్న చక్రాన్ని వేలితో పిసరంత తిప్పడం, టేపు వదులైందేమో చూడడం, వదులైనంత లోపలికి చుట్టడం. మళ్లీ పిసరంత. నేను నాలుగైదుసార్లు గడియారం చూశాను, ఆయన ఒక్కసారీ చూడలేదు. ఒక్క పిల్లవాడి లెక్కలో తప్పునైనా నేనెప్పుడైనా ఇంత నెమ్మదిగా వెతికానా అనిపించింది. ఆ చేతులను చూస్తే అసూయ కలిగింది, దండం పెట్టాలనీ అనిపించింది.

క్యాసెట్ బయటికి వచ్చింది. టేపు ఎక్కడా తెగలేదు. ఆయన దాన్ని తన దగ్గరున్న మంచి కెమెరాలో పెట్టి, మొదటికి తిప్పి, టీవీకి కలిపాడు.

గీతలు పోయి బొమ్మ నిలిచింది. తెల్ల ధోవతిలో నాయిన నేరుగా కెమెరా దగ్గరికి వస్తున్నాడు. “పొద్దుగాల నుంచి గదే మోస్తున్నవ్. తిన్నవారా?”

ఆ గొంతే. వినగానే గుర్తుపట్టాను.

కెమెరా వెనక నుంచి కుర్రవాడైన మా అన్నయ్య కసిరాడు. “జరుగు నాయినా, అడ్డమొస్తున్నవ్.” నాయిన పక్కకు తప్పుకున్నాడు. ఆ తర్వాత టేపులో ఉన్నదంతా అప్పగింతల్లో నా ఏడుపే.

ఎవరూ అడగకుండానే పెద్దాయన టేపును వెనక్కి తిప్పి, మళ్లీ పెట్టి, మాకు వీపు తిప్పి స్క్రూలు బిగించుకుంటూ కూర్చున్నాడు. నాయిన మళ్లీ కెమెరా దగ్గరికి వచ్చాడు. “తిన్నవారా?” అని మళ్లీ అడిగాడు.

ఈసారి టీవీలో కసురు వినిపించేలోపే, నా పక్కన నెరిసిన తలతో నిలబడిన అన్నయ్య జవాబిచ్చాడు.

“ఇంకా తినలేదు నాయినా. తింట.”