గుంట దగ్గర ఫనూయేలు పాట

మిషన్ దొర పాతదై పారేసిన ఉన్నికోటు తొడుక్కుని, మలావీ ఎండలో చెమటలు కక్కుతూ తిరిగేవాడు చర్చి పెద్ద ఫనూయేలు. ప్రార్థనలో కునికేవాళ్లని పొడుగాటి వెదురుతో పొడిచేవాడు. తన గురకని మాత్రం ధ్యానమనేవాడు. ఆ ఊళ్లో వినేసి అనే అతను, తన భార్య ఎనిఫా చనిపోయిన పొద్దున ఫనూయేలు దగ్గరికొచ్చి, సమాధి గుంట దగ్గర చర్చి ఆడవాళ్ల చేత పాడించమని బతిమాలాడు.

“మొక్కజొన్న సారా కాచినదానికి దేవుడి పాటలా? పో, పో!”

“కాచింది నిజమే పెద్దయ్యా. దొడ్డిదారిన వచ్చి మొదటి గ్లాసు తాగింది మీరేగా!”

ఫనూయేలుకి అప్పటికప్పుడు చెవుడొచ్చింది.

సాయంత్రం శవపెట్టె దించుతుంటే ఆడవాళ్లు ఎవరినీ అడక్కుండానే పాట ఎత్తుకున్నారు. అంతలో దొర మోటారుసైకిలు చప్పుడైంది. ఎక్కడున్నాడో ఫనూయేలు పరుగున వచ్చి, ఆడవాళ్లని మోచేతులతో నెట్టి, గుంట అంచున నిలబడి అందరికన్నా గట్టిగా అందుకున్నాడు.

“బాగా పాడిస్తున్నావు, ఫనూయేలూ,” అన్నాడు దొర.

“మన సంఘం బిడ్డ కదండీ, ఎలా వదిలేస్తాను!”

ఎనిఫా మొగుడు వినేసి పార పట్టుకున్నాడు. పారెడు మట్టి గుంటలో వేసి, తర్వాతి పారెడు ఫనూయేలు పాదాల మీద పోశాడు. మళ్లీ పోశాడు. దొర చూస్తున్నాడు గనక, చీలమండల దాకా పూడుకుపోయినా ఫనూయేలు కాలు కదపకుండా పాడుతూనే ఉన్నాడు.