గంగమ్మత్త పొయ్యి

నొప్పుల తైలం వాసన నాకు పడదు. హిందూపురం నుంచి ధర్మవరం బడికి రోజూ పోయివచ్చే రైలులో ఏ పెద్దాయనో చొక్కా పైకెత్తి నడుముకు తైలం రుద్దుకుంటే చాలు, కర్పూరమూ లవంగనూనే కలిసిన ఆ ఘాటు పెట్టెంతా కమ్ముకుంటుంది, నా కుడికాలి వేళ్లు చెప్పులోనే ముడుచుకుపోతాయి. తోటి టీచర్లు ఏమైందని అడిగితే తిమ్మిరి అంటాను. తిమ్మిరి కాదు, భయం. నలభై దాటిన మనిషికి తైలం వాసనంటే భయమేమిటని నవ్వుతారని చెప్పను. దారిలో పెనుకొండ వస్తుంది. కొండ కనిపించే వైపు కిటికీ దగ్గర నేను కూర్చోను.

మా ఇల్లు పెనుకొండ కోటవీధిలో ఉండేది. ఇటు నాలుగడుగులు వేస్తే కాలేజీ, అటు నాలుగడుగులు వేస్తే బజారు, నడుమ రాజుల కాలం నాటి గోడను ఆనుకొని మా ఇరవై ముప్పై ఇళ్లు. ఆ కోట ఎవరిదో ఎప్పటిదో బడిలో చెప్పేవాళ్లు గానీ మాకు మాత్రం అది ఇంటిసామాను. మా గడపముందు మెట్టు మీద గుర్రం బొమ్మ ఉండేది, పెరట్లో అవ్వ బట్టలు ఉతికే బండ నిండా పాత అక్షరాలు ఉండేవి, ఏ రాజు ఏ ఊరు దానమిచ్చాడో పాపం, ఆ మాట మీద మా లంగాలూ నాయన చొక్కాలూ దబదబ పడేవి. ఎండాకాలం వస్తే వీధంతా చింతపండు గింజలు కొట్టే చప్పుడు, మిరపకాయలు ఎండబెట్టిన ఘాటుకు తుమ్ములు, వానలు మొదలైతే పచ్చి వేరుశనక్కాయలు ఉడికే వాసన, ఉగాదికి ఓళిగలు కాల్చే నెయ్యి పొగ. మేము గుర్రం మెట్టు మీద గచ్చకాయలు ఆడుతుంటే, పరీక్షలు దగ్గరపడిన కాలేజీ అబ్బాయిలు కోటగోడ ఎక్కి కూర్చొని గట్టిగా చదువుకునేవాళ్లు. తొంభైల నడిమి సంవత్సరాల మాట ఇది. నాయన ఆ కాలేజీలోనే లాబ్ అటెండరు.

గోడను ఆనుకున్న ఇళ్లలో చివరిది గంగమ్మత్తది. మాకు చుట్టమేమీ కాదు, వీధివరస అంతే. మొగుడు పోయాడు, ఉన్న ఒక్క కూతురిని రొళ్ల అనే ఊళ్లో ఇచ్చింది. కాలేజీ పిల్లలకు, బొరుగులు నానబెట్టి తాలింపేసే ఉగ్గానీ, బజ్జీ చేసి పెట్టి బతికేది. ఆమె ఇంటికి వెనకగోడ అంటూ వేరే లేదు, కోటగోడే వెనకగోడ, దాని మొదట్లోనే మట్టిపొయ్యి. ఎన్నేళ్ల పొగో, ఆ పెద్ద పెద్ద రాళ్లు నున్నగా నల్లబడి ఉండేవి. బడికి పోతూ నేను ఆగితే విస్తరాకు ముక్కలో ఉగ్గానీ పెట్టి, పైన పప్పులపొడి ఇంకొంచెం చల్లి, "తిను కోడలా, నాకు కొడుకు లేకపోయినా కోడలైతే ఉండాది" అనేది.

ఇక నా కాళ్ల సంగతి. నేను ఎదురుకాళ్లతో పుట్టాను, తలకన్నా ముందు కాళ్లొచ్చాయి. అట్లా పుట్టినవాళ్లు తంతే పట్టుకున్న నడుము వదులుతుందని మా పక్క నమ్మకం. ఆది, గురువారాల్లో పొద్దున్నే, నేను ఇంకా ఏమీ తినకముందు, మా అరుగు మీద నడుములు వరస కట్టేవి. బజార్లో మూటలు మోసే హమాలీలు, కబడ్డీలో బెణికించుకున్న కాలేజీ అబ్బాయిలు, ఒకసారి ఒక లెక్చరరుగారు కూడా. బోర్లా పడుకున్న మనిషి నడుము మీద కుడి మడమతో మూడుసార్లు తన్ని, ప్రతిసారీ ఆ కాలినే మళ్లీ నేలకు తాకించాలి. చేసినదానికి పండో బొరుగులో తప్ప ఏమీ పుచ్చుకోకూడదనీ, నడుము పట్టినవాళ్లు పిలిస్తే కాదనకూడదనీ, కాదంటే ఆ గుణం కాలిలోంచి దిగిపోతుందనీ అవ్వ నియమం. అవ్వంటే నాయన తల్లి. మా ఇంట్లో ఆమె మాటే మాట. అంతంత పెద్దవాళ్లను తన్నడమంటే నాకు వణుకు, తన్ని వెంటనే వాళ్లను చేత్తో తాకి కళ్లకు అద్దుకునేదాన్ని. ఆ ఊళ్లో సగంమందిని నేను ముఖాలు చూసి కాదు, వీపులు చూసి గుర్తుపట్టేదాన్ని. అందరి వీపులకూ ఒకటే తైలం వాసన.

అయితే అసలు భయం అది కాదు. అమావాస్య మరునాడు కొండమీదికి మేకలు తోలుకుపోయినవాళ్లు గుంతలు చూసొచ్చేవాళ్లు. గుంత చుట్టూ కోసిన నిమ్మకాయలు, కుంకుమ, కోడి ఈకలు. గుప్తనిధుల కోసం తవ్వేవాళ్లట. రాజులు పారిపోతూ పాతిపెట్టింది ఇంకా భూమిలోనే ఉందని ఊరందరికీ తెలుసు, ఎక్కడుందో తప్ప. గంగమ్మత్త వాకిట్లో ఉగ్గానీ తింటూ ఒక కాలేజీ అబ్బాయి ఒకరోజు నన్ను చూసి, "ఎదురుకాళ్ల పిల్లకైతే అంజనంలో నిధి కనపడుతుందంటబ్బా, దాని రక్తం చుక్క పడితేనే నిధి కదులుతుందంట" అని నవ్వుతూ అన్నాడు. గంగమ్మత్త గరిటె ఎత్తి, "నోరు మూసుకొని తిను, పసిబిడ్డ ముందర ఏం మాటలవి" అని కసిరింది. వాడికి అది నవ్వులాట. నాకు ఆ రోజునుంచి నిద్రపట్టలేదు. కుడికాలి నిండా రక్తం ఉందనీ, అది ఎవరికో కావాలనీ అనిపించేది. తొక్కుడుబిళ్ల ఆడటం మానేశాను, మోకాలు గీసుకుంటే చుక్క పడుతుందని.

నాకు తొమ్మిదేళ్లప్పుడు ఒక ఆదివారం, అమావాస్య, నాయనా అమ్మా తమ్ముడిని తీసుకొని ధర్మవరంలో పెళ్లికి పోయారు. అరుగు మీది నడుములన్నీ అయిపోయాక కిర్రుచెప్పులేసుకున్న మనిషి ఒకడు వచ్చి అవ్వకు దండం పెట్టాడు.

"అవ్వా, మా అన్న పడకలోంచి లేయలేకుండా ఉండాడు. పాపను ఒక్కసారి పంపించు."

"పంపించేది లేదప్పా. నేనే తోడుకొని వస్తా," అంది అవ్వ. నియమం నియమమే కదా, కాదనకూడదు. నేను ఇంకా ఏమీ తినలేదు. గంగమ్మత్త ఇంటిముందు నుంచే పోయాం, బజ్జీలు వేగుతున్నాయి, వచ్చేటప్పుడు తిందువులే అంది అవ్వ.

బజారు వెనక తాళం వేసి ఉండే పాతమిద్దె అది. లోపలికి పోతే అన్నా లేడు, నడుమూ లేదు. అవ్వను బయటి వసారాలో కూర్చోబెట్టి, నన్ను నడిమింట్లోకి తీసుకుపోయి తలుపు గడియ పెట్టారు. పట్టపగలే లోపల దీపాలు. సాంబ్రాణి పొగలో ముగ్గురు మగవాళ్లు కూర్చొని ఉన్నారు, వాళ్లలో నుదుట పెద్ద బొట్టున్నాయన నా అరచేతిలో తమలపాకు పెట్టి, దానికి నల్లగా ఏదో పూసి, చూస్తా ఉండు, రెప్ప కొట్టాకు అన్నాడు. పక్కన కత్తి, నిమ్మకాయలు. నిమ్మకాయలు కోయడానికే కావచ్చు. నేను మాత్రం ఆ కత్తి నా కాలికోసమే అనుకున్నాను.

"ఏం కనపడతాండాది?"

నా ముఖం కూడా కనపడలేదు. ఏమీ లేదన్నాను. మళ్లీ మంత్రాలు, మళ్లీ పొగ. మళ్లీ లేదన్నాను. కిర్రుచెప్పుల మనిషి తలుపుకు ఆనుకొని, "చెప్పేదాకా ఇంటికి పోయేది లేదు పాపా" అన్నాడు, అరవకుండా, నిదానంగా. అవతల అవ్వ తలుపు కొడుతోంది, ఎవరూ తీయడం లేదు. ఎంతసేపు గడిచిందో తెలియదు, కళ్లు మండుతున్నాయి, లంగా తడిసిపోయింది, పొద్దున్నుంచి ఏమీ తినలేదు. అట్లా చూస్తూ చూస్తూ ఉంటే ఆ నలుపు గంగమ్మత్త పొయ్యి వెనక రాళ్లలాగా అనిపించింది.

"పొయ్యి," అన్నాను.

ముగ్గురూ ముందుకు వంగారు. యాడ, యాడ అన్నారు. గోడకింద అన్నాను. ఏ గోడ? కోటగోడ. నల్లరాళ్లు. ఒక్కొక్క ముక్క చెప్పేకొద్దీ వాళ్ల గొంతులు మెత్తబడ్డాయి, బొట్టాయన నా తల నిమిరాడు. చెప్తే వదులుతారని నాకు అర్థమైంది, ఇంక అడగనివి కూడా చెప్పాను. కింద బిందె ఉందన్నాను. మూతికి గుడ్డ కట్టి ఉందన్నాను. గడియ తీశారు. పోయేముందు కిర్రుచెప్పుల మనిషి చేతిలో అరటిపండు పెట్టి, "ఎవురికన్నా చెప్తే నెత్తురు కక్కుకుంటావు" అన్నాడు.

దారిపొడుగునా అవ్వ నా చేయి వదల్లేదు. ఇంటికొచ్చి నాకు నీళ్లు పోసి, వేరే లంగా కట్టి, "మీ నాయనకు చెప్పాకు పాపా, నన్ను బతకనీడు" అంది. అంతవరకు అవ్వకు ఎవరంటేనన్నా భయముందని నాకు తెలియదు. లోపల ఏం చెప్పావని ఆమె అడగలేదు. నేనూ చెప్పలేదు.

వారం తిరక్కముందే గంగమ్మత్త మా గడపలోకి వచ్చి, కూతురికి పురుడొచ్చిందనీ, మూడురోజులు రొళ్లకు పోతున్నాననీ, కోళ్లకు కాస్త గింజలు వేయమనీ నాకే చెప్పింది. పోవాకు అత్తా అనాలని నోటిదాకా వచ్చింది. నాలుక మీద ఉప్పగా తగిలింది, నెత్తురే అనుకొని మింగేశాను. అదే ఆఖరి అవకాశమని ఆ వయసులో కూడా నాకు తెలుసు.

మూడోరోజు పొద్దున కోళ్లకు గింజలు తీసుకొనిపోతే తలుపు బార్లా తెరిచి ఉంది. పొయ్యి లేదు. పొయ్యి ఉన్నచోట మనిషి లోతు గుంత, గోడ మొదట్లోని రాళ్లు రెండు పెరికి పక్కన పడేసి ఉన్నాయి. వీధంతా వచ్చి చూసింది, పోలీసులొచ్చి రాసుకొని పోయారు, అంత బీదరాలి ఇంట్లో నిధేంది అని అందరూ విడ్డూరపోయారు. గంగమ్మత్త వచ్చిన మరునాడే గుంత పూడ్చి అక్కడే మళ్లీ పొయ్యి వేసింది, కాలేజీలో పరీక్షలు, పిల్లలు ఆకలితో పోతారని. నేను వాకిట్లోనే నిలబడి తినేదాన్ని. గోడకేసి చూస్తూ తినేదాన్ని. "ఏం కోడలా, నా పొయ్యిలో దయ్యం చేరిందా, దగ్గరికే రావు," అని ఆమె నవ్వేది. ఇంటికొచ్చి, ఆ గోడ పడుతుందేమో అవ్వా అంటే, అవ్వ నా నోటికి చేయి అడ్డం పెట్టింది.

మొదటి వానకే ఆ గోడ పడింది. పొద్దున కాలేజీ గంట కొట్టే వేళ, గంగమ్మత్త బొరుగులు నానబెడుతుండగా, ఆమె మీదే. నాయనా కాలేజీ అబ్బాయిలూ రాళ్లు తోసి బయటికి లాగారు. ప్రాణం దక్కింది. హిందూపురం ఆస్పత్రిలో కొన్నాళ్లుంచి, ఇంక చేసేదేమీ లేదు, తుంటి దగ్గర నొప్పి ఉంటుంది అని పంపించేశారు. ఇల్లు లేదు కాబట్టి కూతురు వచ్చేదాకా మా అరుగు మీదే పడుకుంది. గురువారం పొద్దున నన్ను పిలిచింది.

"కోడలా, ఊరందరినీ తంతావు, నన్ను తన్నవా?"

నేను అవ్వకేసి చూశాను. అవ్వ తల వంచుకొని చాటలో బియ్యం ఏరుతోంది, ఒక్క రాయీ బయటికి తీయడం లేదు, చేయి ఊరికే తిరుగుతోంది. గంగమ్మత్త మెల్లగా బోర్లా తిరిగింది. ఆ వీపుకూ అదే తైలం వాసన. "గట్టిగా తన్నుమే, అత్తను తన్నే భాగ్యం ఏ కోడలికొస్తాది," అని తనే నవ్వింది. బొటనవేలు మాత్రం మూడుసార్లు తాకించాను. మూడోసారికి నాకు ఏడుపు ఆగలేదు. నొప్పి చూసి ఏడుస్తున్నానని ఆమె అనుకుంది. నన్ను ఊరుకోబెట్టడానికి అరుగు స్తంభం పట్టుకొని లేచి, పళ్లబిగువున మూడడుగులు వేసి, "చూడు, పాయె నొప్పి, ఇంగ ఏడ్సాకు" అంది. ఆ సాయంత్రమే కూతురు వచ్చి రొళ్లకు తీసుకుపోయింది.

ఆ తర్వాత నేను ఎవరి నడుము మీదా కాలు పెట్టలేదు. గుణం పోయిందని అవ్వ అందరికీ చెప్పి పంపేది. అవ్వ పోయింది. మేము హిందూపురం మారాం. కోటవీధిలో ఇప్పుడు అద్దె గదుల మేడలున్నాయంటారు, కాలేజీ పిల్లలు బండి మీద నూడుల్స్ తింటారట, నడుము పడితే స్కానింగుకు పోతారట. గోడ కూలినచోట ఇనుపకంచె వేశారట. ఇవన్నీ విన్నవే, నేను పోయి చూసింది లేదు.

రొళ్ల హిందూపురానికి ఎంతో దూరం లేదు. నెత్తురు కక్కుకుంటానన్న భయం పదేళ్లు గడిచేసరికే పోయింది. ఆమెకు చెప్తే ఇంక కోడలా అని పిలవదేమోనన్న భయం పోలేదు. అందుకే ఇరవై ఏళ్లు ఆ బస్సు ఎక్కలేదు. పోయిన ఏడాది హిందూపురం మార్కెట్లో ఒకామె నన్ను గుర్తుపట్టి చేయి పట్టుకుంది. గంగమ్మత్త కూతురు. అమ్మ పోయి చాన్నాళ్లయిందని చెప్పింది. ఆఖరిదాకా కర్ర లేకుండా నడవలేదట, పొయ్యి దగ్గర కూర్చోలేదట.

"అయినా వచ్చినోళ్లకంతా నీ మాటే చెప్పేది మా యమ్మ," అంది, కళ్లు తుడుచుకుంటూ. "మా కోడలు కాలు పెట్టినంకనే నేను లేచి మూడడుగులేసినా అని. నిన్నొకసారి చూడల్లని శానా కలవరించింది."

నేను ఆమె చేయి పట్టుకొని అట్లాగే నిలబడ్డాను. అప్పుడు కూడా చెప్పలేదు.