రెండో సీసా

ఆ రోజుల్లో నర్సీపట్నం పెద్దాసుపత్రిలో మందునీళ్లు పోయించుకోవాలంటే ఖాళీ సీసా మనమే పట్టుకెళ్లాలి. జ్వరంతో నాతవరంలో బస్సెక్కాక గానీ నాకా సంగతి గుర్తురాలేదు. "అయ్యో, సీసా!" అని పైకే అనేశాను.

పక్కనున్న ముసలాయన దగ్గర రెండు సీసాలున్నాయి. ఒకటి ఆసుపత్రికి, ఇంకొకటి బజారువీధిలో నువ్వులనూనెకి. నూనెసీసా నా చేతిలో పెట్టాడు.

"మరి నూనె?"

"నూనె తేకపోతే మా ఇంటిది తిడతాది. తెచ్చినా తిడతాది. మీరు బేగెల్లి మందు పోయించుకోండి బాబూ."

కాంపౌండరు సీసా వాసన చూసి, "ఏటండీ, మందుకొచ్చారా, పోపుకొచ్చారా?" అన్నాడు.

జ్వరం తగ్గింది. అప్పట్నుంచీ ఆసుపత్రికి రెండు సీసాలు పట్టుకెళ్లేవాణ్ణి. రెండోది ఎవరికీ అవసరం పడకపోతే బజారువీధిలో నూనె పోయించుకొచ్చేవాణ్ణి.

తెచ్చినా తిట్లు తప్పేవి కావు. ఆయన నిజమే చెప్పాడు.