పులిహోర డబ్బాతో వైన్ తోటకి

మా అక్క కూతురు హారిక పెళ్లికి స్పార్క్లింగ్ వైన్ ఎంచుకునే పని నాకు అప్పగించారని తెలిసి అమెరికాలో మా ఊరు మోరిస్‌విల్‌లో మావాళ్లు కొందరు నవ్వారు. నన్ను బాగా ఎరిగినవాళ్లు మాత్రం నవ్వలేదు. నేను ఇంటర్ రెండుసార్లు తప్పినవాణ్ణి. వైన్ గురించి నాకున్న చదువల్లా పన్నెండేళ్లు గ్యాస్ స్టేషన్ కౌంటర్‌లో నిలబడి సీసాలు స్కాన్ చేయడమే. పెళ్లికొడుకు అమెరికన్ కుర్రాడు. రిసెప్షన్‌లో అతని తండ్రి, మా బావగారు పక్కపక్కన నిలబడి, బుడగలు లేచే గ్లాసులెత్తి తమను దీవించాలని హారిక కోరిక. ఆ పెళ్లిలో తనకంటూ ఆ పిల్ల అడిగింది అదొక్కటే. మిగతావన్నీ వాళ్లమ్మ కోరికలు.

చిక్కంతా బావగారితోనే. ప్రసాదరావు గారు మందుల కంపెనీలో కెమిస్టు, అరవై నిండినా చుక్క ముట్టని మనిషి. చేతికి ఏదిచ్చినా ముందు వాసన చూస్తారు. పాలు, పప్పు, చివరికి కొత్త చొక్కా కూడా. ఆయన గ్లాసులో జింజర్ ఏల్ అనే అల్లం సోడా పోసిస్తాను, రంగూ అదే, బుడగలూ అవే, ఎవరికి తెలుస్తుందని నేనన్నాను.

"నాకు తెలుస్తుంది కదరా," అన్నారు.

వైన్ అని అందరినీ నమ్మించి సోడా తాగడం ఆయన లెక్కలో అబద్ధం. కూతురి పెళ్లిలో అబద్ధం ఆడరట. అంతకన్నా ముఖ్యం, ఆ గ్లాసు నా చేతిమీదుగా రావడం ఆయనకిష్టం లేదు. దానికి కారణం ఉంది. నాకు పదకొండేళ్లప్పుడు, ఆయన పెళ్లిలో, పెళ్లికొడుక్కి ఇచ్చే పానకంలో గుప్పెడు ఉప్పు కలిపింది నేనే. పెద్దలంతా చూస్తుండగా ఆయన ఆ గ్లాసు చివరిదాకా తాగి, బాగుందని చెప్పి, ఖాళీ గ్లాసు నా చేతికే ఇచ్చారు. వాసన చూసే అలవాటు ఆ రోజే మొదలైందని మా అక్క అంటుంది.

శనివారం ఉదయం ఎనిమిదిన్నరకి బయల్దేరాం. బావగారి కారు, బావగారి డ్రైవింగు, వెనక సీట్లో అక్క ఇచ్చిన డబ్బాలు. మోరిస్‌విల్ నుంచి ఐ-40 మీద పడమరగా వెళ్లి, విన్‌స్టన్-సేలం దగ్గర 421 రోడ్డు పట్టుకుంటే ద్రాక్షతోటల యాడ్కిన్ వ్యాలీ. ఆగకుండా వెళ్తే రెండు గంటల దారి. ఇంటి పక్కన షాపులో కొనుక్కోక ఇంత దూరం ఎందుకంటారా? ఫ్రాన్సు నుంచి వచ్చే అసలు షాంపేన్ సీసా నలభై డాలర్లకి పైమాటే. చవకవి కొందామంటే, మూత తీసి రుచి చూడనివ్వరు. ఈ తోటల్లో పన్నెండు డాలర్లిస్తే ఐదు రకాలు రుచి చూపిస్తారు, పెట్టెల లెక్కన కొంటే ధర తగ్గిస్తారు. మా హాలువాళ్లు బయటి సీసా తెచ్చుకుంటే ఒక్కోదానికి పది డాలర్ల రుసుం అన్నారు కాబట్టి, ఎన్ని కావాలో ముందే తేల్చుకోవాలి. టోస్ట్‌కి, అంటే గ్లాసులెత్తే ఆ దీవెనకి, గ్లాసు నింపక్కర్లేదు, ఒక సీసా ఏడుగురికి వస్తుంది. తాగేవాళ్లు నూట పదిమంది అని బావగారు ఎక్సెల్‌లో తేల్చారు. మేం తాగం అని పైకి చెప్పేవాళ్లని కూడా అందులో కలపమని నేనంటే, వాళ్లకి వేరే కాలమ్ పెట్టానన్నారు.

గ్రీన్స్‌బరో చేరకముందే ఒక రెస్ట్ ఏరియాలో ఆగాం. చెట్ల కింద చెక్కబల్లలు, శుభ్రమైన బాత్రూములు, ఖర్చు లేదు. అక్క పెట్టిన పులిహోర, పక్కన ఆవకాయ ముక్క. ఇద్దరం కడుపునిండా తిన్నాం. రుచి చూడ్డానికి వెళ్తున్న మనుషులం ఆవకాయ తినకూడదన్న బుద్ధి ఆ చదువుకున్నాయనకీ లేదు, నాకూ లేదు.

పదకొండున్నరకి తోట చేరాం. పెద్ద ఆర్భాటం లేదు. కొండవాలు మీద ద్రాక్ష వరసలు, ఒక పాత ధాన్యపు కొట్టు, లోపల పొడుగాటి కౌంటర్. దాని వెనక డార్లీన్ అనే డెబ్బై ఏళ్లావిడ. నన్ను సర్ అని, బావగారిని హనీ అని పిలిచింది. బావగారు కళ్లజోడు తుడుచుకున్నారు. ఈ మాట అక్క చెవిన వేస్తానని నేను తెలుగులో చెప్పాను.

"ముందు పనిచూడు," అన్నారు.

మొదటిది బ్రూట్ అనే తీపి బాగా తక్కువ రకం, ఇరవై ఏడు డాలర్లు, వాళ్ల తోటకే పేరు తెచ్చిన సీసా. నోట్లో పోసుకున్నాను. మా ఆవిడ సింకు కడిగే వెనిగర్ గుర్తొచ్చింది. రెండోదీ అంతే. మూడోది ఇంకా పులుపు. నా ముఖం చూసి డార్లీన్ నొచ్చుకుందనుకుంటాను, పొద్దున ఏం తిన్నారని అడిగింది. నేను ఓట్‌మీల్ అని చెప్పబోతుండగా బావగారు కోర్టులో నిలబడ్డట్టు నిలబడి చింతపండు, ఎండుమిర్చి, ఇంగువ, ఆవపిండి అన్నీ వరసపెట్టి ఒప్పుకున్నారు. ఆయన అబద్ధమాడరని చెప్పాను కదా. నోరు శుభ్రం చేసుకోమని బిస్కెట్లు ఇస్తుందనుకున్నాను. ఆవిడ మాత్రం చేతులు తుడుచుకుని, పెళ్లి భోజనం కూడా ఇలాగే ఉంటుందా అని అడిగింది. ఇంతకంటే కారంగా ఉంటుందన్నాం. అయితే ఆ డబ్బా తీసుకురండి అంది.

కౌంటర్ మీద పులిహోర, ఎదురుగా ఐదు గ్లాసులు. ఒక ముద్ద తిని ఒక గుక్క తాగడం, మళ్లీ ముద్ద, మళ్లీ గుక్క. డార్లీన్ కూడా స్పూనుతో తిన్నది, వేరుశెనగపప్పులు ఏరుకుని మరీ. పేరుమోసిన బ్రూట్ పులిహోర పక్కన నిలబడలేకపోయింది. నాలుగోది, ఎక్స్‌ట్రా డ్రై అని రాసి ఉన్నది, పదిహేను డాలర్లది, పులుపునీ కారాన్నీ చల్లగా సర్దేసింది. వైన్ భాషలో డ్రై అంటే తీపి లేనిదని, పేరులో డ్రై ఉందని వదిలేయకండి, బ్రూట్ కంటే దానిలోనే తీపి కాస్త ఎక్కువట. అది డార్లీన్ చెప్పింది, నా నాలుక ఒప్పుకుంది. బావగారు తాగలేదు గానీ ఐదూ వాసన చూసి, నాలుగో గ్లాసు దగ్గర ఇదేనని తల ఊపారు.

తర్వాత ఆవిడ అడగకుండానే లోపలికెళ్లి ఇంకో సీసా తెచ్చింది. ఇక్కడి నేల ద్రాక్ష, స్కపర్‌నాంగ్ రసం, పులియబెట్టకుండా గ్యాస్ పట్టించింది. చుక్క ఆల్కహాల్ లేదు, ఆ సంగతి లేబుల్ మీదే పెద్దక్షరాలతో ఉంది. బావగారు లేబుల్ మూడుసార్లు చదివారు, వాసన రెండుసార్లు చూశారు.

"లేబుల్ జనానికి కనపడేట్టు పెడితే నాకభ్యంతరం లేదురా శీనూ. రసాన్ని రసమనే తాగుతాను."

ఒక్కటి చాలు కదా అన్నాను. పన్నెండు కావాలన్నారు. ఆయన వేరే కాలమ్‌లో వాళ్లూ నిజం గ్లాసే ఎత్తాలట. అలా లెక్కకి పదహారు చాలినా రెండు ఎక్కువేసుకుని వైన్ పద్దెనిమిది, ఎనిమిదేసి డాలర్లకి రసం పన్నెండు. మొత్తం మీద పది శాతం తగ్గించారు. మిగిలిన పులిహోర డార్లీన్ ఉంచేసుకుంది.

ఆరింటికల్లా అక్క వంటింట్లో ఉన్నాం. హారిక కూడా వచ్చింది, వాళ్ల నాన్న ఏ మాట మోసుకొచ్చారో అని గుమ్మంలోనే నిలబడింది. చల్లబరిచిన రసం సీసా మూత తీసి రెండు గ్లాసుల్లో పోశాను. స్టవ్ పక్కన అక్క ఉప్పు డబ్బా, మూత తీసే ఉంది. చెయ్యి చాపితే అందుతుంది. నా చెయ్యి చాలా ఏళ్లుగా నేను చెప్పిన మాట వినదు, ఆ రోజు విన్నది. గ్లాసు ఆయనకి ఇచ్చాను. ఆయన డబ్బా వైపు చూశారు, నా వైపు చూశారు. గ్లాసు ముక్కు దగ్గరికి వెళ్లలేదు. హారిక వైపు ఎత్తి, ఒక్క గుక్కలో సగం తాగారు.

వాసన చూడలేదేం బావా అని అడిగాను.

"ఉప్పుకి వాసన ఉండదు కదరా," అన్నారు. "ఆ రోజు చూసినా తెలిసేది కాదు. నమ్మి తాగాలి, లేకపోతే మానేయాలి."

హారిక వచ్చి ఆయన భుజం మీద తల పెట్టింది. పెళ్లిలో నాన్నకి గ్లాసు మావయ్యే ఇవ్వాలంది. ఆయన కాదనలేదు.

ఆ పానకంలాంటివి కలిపి నేను చాలామందికి చాలా తాగించాను, ముప్ఫై ఏళ్లలో నవ్వని వాళ్లు తక్కువ. కానీ ఒక మనిషి అన్నేళ్లు ప్రతి వస్తువునీ వాసన చూస్తూ బతికాడంటే, అందులో నా వాటా ఎంతో ఆ సాయంత్రం దాకా తెలియలేదు. మంచి సీసా ఖరీదుని బట్టి తేలదని డార్లీన్ దగ్గర నేర్చుకున్నాను. గ్లాసు ఏ చేతి నుంచి వస్తుందో అది కూడా రుచిలో భాగమేనని ఇంటికొచ్చాక తెలిసింది.

ఇలాంటి పనిమీద వెళ్లేవాళ్లకి ఒక్క సలహా. ముందు ఫోన్ చేసి అనుమతి అడిగి, మీ పెళ్లి మెనూలో బాగా పులుపో కారమో ఉన్న వంటకం ఒకటి డబ్బాలో పట్టుకెళ్లి, దానితోనే రుచి చూడండి. ఉప్పు మాత్రం ఇంట్లో వదిలేసి వెళ్లండి.