తోడేలుకు పెట్టిన పేరు

తల్లి కడుపులో పడకముందే మనలను ఎరిగిన తండ్రికి స్తోత్రం. ఎండిన చెరువుల మీదికి మబ్బును నడిపించేవాడికి, ముసలివారి మూలుగును కూడా ప్రార్థనగా ఎంచుకునేవాడికి మహిమ కలుగును గాక. ఆయన మా అవ్వకు చేసిన మేలు చెప్పాలంటే ముందు నేను తోడేలు వేషం కట్టిన సంగతి చెప్పాలి.

మాది ఉదయగిరి నుంచి వరికుంటపాడు పోయే దారిలో ఒక పల్లె. యాభైల మొదట్లో నేను అక్కడి మిషను బడిలో చదువుకునే పిల్లను. ఇంట్లో అందరం సంఘంలో చేరినవాళ్లమే, మా నాయనను కన్న అవ్వ తప్ప. ఆమె ప్రతి ఆదివారం గుడికి వచ్చి గుంజకు ఆనుకుని కూర్చునేది. పాటలన్నీ నోటికి వచ్చు. బాప్తిస్మానికి నీళ్లలో మాత్రం దిగలేదు. తాత పోయాక దిగాలనుకుంది. బాప్తిస్మం పొందనివాళ్లను సంఘం సమాధుల దొడ్డిలో పెట్టరు. తాత పక్కన చోటు ఖాళీగా ఉంది, అవ్వకేమో అప్పటికే ఆయాసం. క్రిస్మస్ కాగానే, చెరువులో నీళ్లున్నప్పుడే, పాస్టరుగారు ఆత్మకూరు నుంచి వచ్చి ఆమెకు బాప్తిస్మం ఇచ్చేట్టు మాట్లాడుకున్నారు.

ఆ క్రిస్మస్‌కు మా పంతులుగారు ఒక నాటకం కట్టారు. గొర్రెతోలు కప్పుకున్న తోడేళ్లను గురించి ప్రభువు హెచ్చరించాడు గదా, అందులోంచి పుట్టిన కథ. పగలు ముసుగేసుకుని ప్రార్థనకు వచ్చే ఒక మనిషి పొద్దుగూకితే తోడేలై గొర్రెపిల్లలను ఎత్తుకుపోతుంది. కాపరి గుర్తుపట్టి దాన్ని పేరు పెట్టి పిలిస్తేనే కూలి, మళ్లీ మనిషవుతుంది. పేరు లేకపోతే నాటకమే లేదు. కూత బాగా కూస్తానని వేషం నాకిచ్చారు. వేషం కట్టేది ఆడపిల్ల కాబట్టి తోడేలూ ఆడదైంది.

పేరు కోసం బడి అరుగు మీద కూర్చున్నాం. పరిశుద్ధ గ్రంథంలోని ఏ పేరు చెప్పినా ఒకరు లేచేవాళ్లు.

"అది మాయమ్మ పేరు సార్!"

"అది మా పిన్నమ్మది. ఆయమ్మ విన్నిందంటే నాకు సంగటి పెట్టదు."

సంఘంలో లేని ఊళ్లోవాళ్ల దేవతల పేరు పెట్టుకుందామంటే పంతులుగారు వద్దన్నారు. నాటకానికి పందిరి గుంజలు, దీపాలు ఆ ఊళ్లోవాళ్లే ఇస్తారు. చివరికి ఆయనే, "పాతకాలం పేరు ఒకటి ఉండాది. ఇప్పుడెవురూ పెట్టుకోరు" అని ఒక పేరు చెప్పారు. ఆయన జలదంకి వైపు నుంచి వచ్చిన మనిషి, మా ముసలివాళ్ల పేర్లు తెలియవు. ఆ పేరు మాలో ఎవరికీ తగల్లేదు. అందరం చప్పట్లు కొట్టాం.

పండగనాటి సాయంత్రం పంతులమ్మగారు నన్ను గొర్రెల కాపరి గొంగళిలో పెట్టి, జారిపోకుండా మెడ నుంచి మోకాళ్ల దాకా గోనె దారంతో కుట్టేశారు. లోపల గొర్రె మూత్రం కంపు, ఉక్క. కళ్లకు రెండు చిల్లులు. కుట్లు తెంచితే తప్ప నేను బయటికి రాలేను. కూశాను, గొర్రెపిల్లను పట్టాను. కాపరి వేషం వేసిన పిల్లవాడు కర్రెత్తి ఆ పేరు పెట్టి గట్టిగా అరిచాడు.

ముందు వరసలో కూర్చున్న మా అవ్వ తలెత్తింది. "ఎవుర్రా నన్ను పిలిచింది?"

అందరూ నవ్వారు. పక్కనున్న ముసలామె, "అది నీ పేరే గదమ్మే! నిన్ను తోడేల్ని చేసినారు" అంది.

మా అవ్వ పేరు నాకు తెలిసింది అప్పుడే, ఆ గొంగళి లోపల. ఇంట్లో అందరికీ ఆమె అవ్వ, ఊరికి ఫలానావాడి తల్లి. కూలిన తోడేలు మనిషై లేవాలి. నేను లేవలేదు. అవ్వ లేచి వెళ్లిపోవడం చిల్లుల్లోంచి కనబడింది. కుట్లు తెంచేదాకా ఆమె వెనక పరుగెత్తలేకపోయాను.

మరునాటి నుంచి ఆమె వీధిలోకి వస్తే పిలకాయలు ఆ పేరు అరిచి తోడేలు కూత కూసేవాళ్లు. పాస్టరుగారు వచ్చి మంచం మీద కూర్చున్నారు.

"కొత్త పేరు తీసుకో అవ్వా. చాలామంది తీసుకున్నారు."

"ఇప్పుడు మార్చుకుంటే ఆ తోడేలు నేనేనని ఒప్పుకున్నట్టు గాదా?"

"ఆ పేరుతో ముంచితే ఒడ్డున పిల్లలు కూస్తారు. ప్రభువు సంస్కారం నవ్వులపాలవుతుంది."

నాయనకు కోపం వచ్చింది. "ఏందిమా ఇది? ఒక్క పేరు కోసం నాయన పక్కన చోటు పోగొట్టుకుంటావా?"

"నన్ను పేరు పెట్టి పిలిచినోడు మీ నాయనొక్కడే రా. ఇంకో పేరుతో పోతే ఆయనకేం తెలస్తాది నేనని?"

పాత పేరుతో పాస్టరుగారు ముంచనన్నారు, కొత్త పేరుతో అవ్వ మునగనంది. చెరువు నీళ్లు తగ్గి బురద మిగిలింది. ఆ ఏడాదంతా అవ్వ దగ్గుతుంటే నేను పక్కలో ముడుచుకుని, నన్ను ఇంకా ఎవరో కుట్టి ఉంచినట్టు పడుకునేదాన్ని.

మళ్లీ క్రిస్మస్ వచ్చింది. మళ్లీ తోడేలు నాటకమే కావాలన్నారు జనం. పంతులుగారి దగ్గరకు వెళ్లి పేరు మార్చమన్నాను.

"ఏం పేరు పెట్టమంటావు? పోయినసారి చూసినావు గదా."

"నాది పెట్టండి సార్. ఆ పేరు ఈ సంఘంలో ఇంకెవురికీ లేదు. ఎవురూ ఏడవరు."

"నువ్వు ఏడుస్తావు మే."

"గొంగట్లో ఏడిస్తే కనపడదు గదా సార్."

కాపరి నా పేరు అరిచాడు, నేను కూలాను. జనం పగలబడి నవ్వారు. ముందు వరస నుంచి అవ్వ గొంతు వినబడింది: "లెయ్ మే, సాల్లే పండుకునింది." ఈసారి లేచాను.

పిలకాయల నోళ్లు అవ్వను వదిలి నా మీదికి మళ్లాయి. అది చూసి పాస్టరుగారు పాత పేరుతోనే ముంచడానికి ఒప్పుకున్నారు. ఆ ఏడు వానలు బాగా పడ్డాయి. చెరువులో నడుము లోతున నిలబడి ఆయన చెయ్యెత్తి అవ్వ పాత పేరే పలికారు. ఒడ్డున ఎవడో కూశాడు. పాస్టరుగారు ఆగారు. అవ్వ ఒడ్డు వైపు చూడనైనా చూడలేదు.

"ముంచయ్యా, చలేస్తా ఉండాది."

మునిగి లేచింది. వేసవి రాకముందే తాత పక్కన పడుకుంది.

నా మీద పడిన తోడేలు పేరు మాత్రం దిగలేదు. ఆత్మకూరులో పెద్ద చదువుకు చేరితే మా ఊరివాళ్ల నోట అక్కడికీ వచ్చింది. ఇప్పటికీ వాక్యం చదవమని సంఘంలో నా పేరు పిలిస్తే, నా ఈడువాళ్లలో ఒకరిద్దరు నవ్వు రాకుండా పెదవి బిగబట్టుకుంటారు. ఆ క్షణాన నాకు గొర్రె కంపు తగులుతుంది, మెడ దగ్గర గోనె దారం గుచ్చుకుంటుంది. చదవడం మొదలుపెడతాను.

ఇది చదువుతున్న మీరు నాతోపాటు ఒక్కసారి తల వంచండి. ఇతరులు కుట్టిన గొంగళిలో ఊపిరాడక ఉన్నవాళ్లు మీ వీధిలో కూడా ఉంటారు. తండ్రీ, వాళ్ల కుట్లు తెంచు. అందాకా లోపల వాళ్లకు తోడుండు. నాకు కూడా. ఆమేన్ అనండి.