ఆరితే తేలుతుందనుకున్న గోడ

చందూ, చరణ్, కాసేపు ఆ ఫోన్లు పక్కన పెట్టి వినండి. పుత్తూరు ఇంట్లో మీ గదిని చూసి మురిసిపోతున్నారు, సంతోషం. కానీ ఆ గోడకు ఆ రంగు ఎలా వచ్చిందో మీకు తెలియదు. చెప్పొద్దని నేనే అందరినీ బతిమాలాను. ఇంక దాచడం నా వల్ల కాదు!

చందూ, పోయిన వేసవిలో పుత్తూరు మీ అత్త ఇంటి నుంచి తిరిగొచ్చాక నువ్వు ఏమన్నావు? "ఆ ఊళ్ళో మాకంటూ ఒక మూల కూడా లేదు నాయనా. ఇంకోసారి నేను రాను." ఆ మాట నన్ను ఎన్నాళ్ళు నిద్రపోనివ్వలేదో! సూరత్‌లో పెరుగుతున్న పిల్లలు, ఇక్కడ ఒక్క గదైనా తమదనిపించకపోతే రేపు ఈ వైపు తిరిగైనా చూస్తారా? అందుకే పుత్తూరులో చిన్న ఇల్లు కొనగానే, మీ గదికి రంగు నువ్వే చెప్పమన్నాను.

నువ్వొక ఫొటో పంపావు. ముదురు టీల్! నీలం కాదు, పచ్చ కాదు. నెమలి మెడ మీద కాస్త బూడిద చల్లినట్టుంది. "ఇదే కావాలి. కొంచెం కూడా అటూ ఇటూ కాకూడదు" అన్నావు.

అటూ ఇటూ కాకుండా చూడడమే కదా నా ఉద్యోగం! సూరత్ చీరల మిల్లులో రంగు సరిచూసే మనిషిని. గుడ్డముక్కకు అచ్చం అదే రంగు వేయించాను. ఎండలో చూశాను, ట్యూబులైటు కింద చూశాను. "పెళ్ళిచూపుల్లో నన్ను కూడా ఇంతసేపు చూడలేదు" అని మీ అమ్మ దెప్పేదాకా చూశాను. దాన్ని జేబులో పెట్టుకుని మీకంటే ముందే పుత్తూరు చేరాను.

పెయింటు షాపులో ఆ గుడ్డముక్క చూపిస్తే, మెషీన్ మీద కలిపి డబ్బా ఇచ్చారు. ఇంటికొచ్చి మూత తీశాను. నా గుడ్డముక్క కంటే లేతగా ఉంది!

మనది నగరిలో నూలుకు రంగులు వేసే ఇల్లు. తొట్టిలోంచి తీసిన తడి నూలు ముదురుగా కనిపిస్తుంది, ఆరితే రంగు తేలి లేతబడుతుంది. ఇది మాకు ఉగ్గుపాలతో వచ్చిన చదువు. మరి తడిలోనే ఇంత లేతగా ఉంటే, ఆరాక ఏమవుతుంది? ఆసుపత్రి గోడ అవుతుంది!

"మునిరత్నం, దీంట్లో నల్లరంగు స్టెయినరు పొయ్యప్పా" అన్నాను పెయింటరుతో.

"ఇంత సాలా సార్?"

"ఇంకొంచెం."

గోడ చూడడానికి నగరి నుంచి మా చిన్నాయన వచ్చి ఉన్నాడు. ఇప్పటికీ నూలుకు రంగు వేస్తున్న మనిషి. డబ్బాలోకి తొంగి చూసి, "ఏం సూస్తా ఉండావు అబ్బోడా? ఇంకా పొయ్యి. ఆరితే తేలిపోతాది" అన్నాడు. మీ అత్త కూడా తలూపింది. "మీరు రంగులోళ్ళు సార్, మీకు తెలీనిదా" అని మునిరత్నం పోసేశాడు.

మొదటి కోటింగు పడింది. సాయంత్రానికి గోడ ముదురెక్కింది. "ఇంకా తడి ఉండాది" అన్నాడు చిన్నాయన. రెండో కోటింగు పడింది. పొద్దునకు మరీ నల్లబడింది. "లోపల తడి పోలేదు" అన్నాను నేను. అది ఎంత నల్లబడితే అంత తడిగా ఉందనుకున్నాం! సీలింగు ఫ్యాను తిప్పాం. కిటికీలు తెరిచాం. మీ అత్త తన ఇంటి నుంచి టేబుల్ ఫ్యాను కూడా తెచ్చింది. గోడ ముందు కుర్చీలు వేసుకుని, టీ తాగుతూ, రంగు తేలే ఘడియ కోసం కాచుకున్నాం. పక్కింటావిడ గుమ్మంలోంచి చూసి, "లోపల ఎవురికన్నా బాగలేదా?" అని గొంతు తగ్గించి అడిగింది.

చివరికి మీ అత్తకు విసుగొచ్చి గోడకు అరచెయ్యి ఆనించింది. చేతికి చుక్క రంగు అంటలేదు.

"రేయ్, ఇది నిన్ననే ఆరిపోయిందిరా! అమావాస్యను తెచ్చి గోడకు పూసినావు కదరా!"

"నేను ఒక్క సుక్క పొయ్యమంటి. వీడు డబ్బా కుమ్మరించినాడు" అన్నాడు చిన్నాయన, నన్ను చూపిస్తూ. క్షణంలో పార్టీ మార్చేశాడు!

నూలు వేరు, గోడ వేరు. ఆ పెయింటు ఆరేకొద్దీ ముదురుతుందట. అక్కడున్న రంగులోళ్ళలో ఆ సంగతి ఒక్కరికీ తెలియదు!

సరిగ్గా అప్పుడే నీ వీడియో కాల్. "నాయనా, గోడ చూపించు."

నేను సీలింగు చూపించాను.

"తెల్లగా ఉందే?"

"నెట్‌వర్క్ బాగలేదమ్మా" అని పెట్టేశాను.

మళ్ళీ వేయిద్దామంటే మునిరత్నం వేరే పనికి పోయాడు. మీరేమో అప్పటికే రైల్లో ఉన్నారు. గుర్తుందా, ఎండలోంచి నేరుగా గదిలోకి వచ్చావు.

"నాయనా, లైటు వెయ్యి."

"వేసే ఉండాదమ్మా."

చిన్నాయన మెల్లగా నా వెనక్కి జరిగాడు. ఇంక వచ్చే వేసవి లేదు, ఏ వేసవీ లేదు అనుకున్నాను. నువ్వు గోడ దగ్గరికి పోయి, ఇటు నుంచీ అటు నుంచీ చూసి, "ఫొటోలో కంటే బాగుంది! ఈ గది నాది. చరణ్, నువ్వు బయట పడుకో" అన్నావు. వాడు ఊరుకుంటాడా? "అక్కా, కిటికీ పక్క నాది!" అని మంచం మీద దూకాడు. ఆ గది కోసం మీరిద్దరూ కొట్టుకుంటుంటే నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి. తుడుచుకునే లోపలే చిన్నాయన ముందుకొచ్చి, "సెలక్షన్ నాదే పాపా!" అన్నాడు.

గండం గడిచిందనుకున్నాను. నిన్న నువ్వేమన్నావు? "నాయనా, సూరత్‌లో నా గదికి కూడా ఇదే రంగు కావాలి. నా ఫ్రెండ్స్ కూడా అడుగుతున్నారు. షేడ్ నంబరు చెప్పు."

నంబరా! మిల్లులో నంబరు వేయకుండా చుక్క రంగు కలిపినా మనుషుల మీద అరిచేది నేనే. ఏం చేయను? చిన్నాయనకు ఫోన్ చేశాను. "ఆ నల్లరంగు మొత్తం ఎంత పోసింటాం?"

"ఎంతేందిరా, కంటికి ఆనేదాకా పోసినాం" అని పెట్టేశాడు.

కాబట్టి పిల్లలూ, ఆ రంగు ఎవరు అడిగినా ఈ కథ చెప్పండి. వాళ్ళను కూడా ఇంకొకరికి చెప్పమనండి. ఇంతకు మించి షేడ్ నంబరు నా దగ్గర లేదు!