లుక్కా చర్చిలో ముసలావిడ పలికిన మాట

దయ్యాలు, ఆత్మలు అంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. డెట్రాయిట్ దగ్గర ఒక రంగుల కంపెనీ ల్యాబ్‌లో ఇరవై ఏళ్లు పనిచేశాను. కళ్లారా చూసిందైనా సరే, రెండోసారి పరీక్షించందే రిపోర్టులో రాసేదాన్ని కాదు. ఈ ఒక్కదాన్ని మాత్రం రెండోసారి పరీక్షించే వీలు లేకపోయింది.

ఎనభైల చివరి మాట. ఆ డిసెంబర్‌లో మావారు పోయారు. మా ఒక్కగానొక్క కూతురు సునీత జనవరిలో ఒక సెమిస్టర్ చదువుకని ఇటలీలోని ఫ్లోరెన్స్‌కి వెళ్లిపోయింది. డెట్రాయిట్ పక్కనే ట్రాయ్ అనే ఊళ్లో ఉన్న మా ఇంట్లో నేనొక్కదాన్నే మిగిలాను. తండ్రి పోయినప్పటి నుంచి అది నాతో ముక్తసరిగానే మాట్లాడేది. "కంగారేం లేదు, ఎగ్జామ్స్ పూర్తి చేసుకునే రా" అని, ఆయన ఆస్పత్రిలో ఉండగా దాని కాలేజీకి ఫోన్ చేసి చెప్పింది నేనే. అది వచ్చేసరికి అంతా అయిపోయింది.

ఏప్రిల్‌లో ఉండబట్టలేక దాన్ని చూడడానికి వెళ్లాను. ఒక శనివారం ఇద్దరం రైలెక్కి లుక్కా అనే చిన్న పాత ఊరికి వెళ్లాం. ఊరి చుట్టూ కోటగోడ. దాని మీద చెట్ల కింద నడుస్తుంటే వాన మొదలైంది. ఒకే గొడుగు తెరిచి ఇద్దరం దాని కిందే నడిచాం. సన్నటి సందుల్లో తిరిగాం. మధ్యాహ్నానికి వాన పెద్దదయ్యేసరికి ఎదురుగా కనిపించిన చిన్న చర్చిలోకి వెళ్లాం.

లోపల ఒక ముసలావిడ తప్ప ఎవరూ లేరు. గుమ్మం దగ్గర వాననీళ్లు తుడుస్తోంది. నా చీరనీ, సునీత మొహాన్నీ మార్చి మార్చి చూసి ఇటాలియన్‌లో ఏదో అడిగింది.

"అమ్మా, మనలాంటి ఆయన ఒకరు మార్నింగ్ నుంచి ఆ లాస్ట్ బెంచ్‌లో కూర్చున్నారంట. ఇప్పుడే వెళ్లారంట. మనవాళ్లా అని అడుగుతుంది" అంది సునీత.

ఎవరో టూరిస్టు అయి ఉంటాడు, కాదని చెప్పమన్నాను.

ముసలావిడ వదల్లేదు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా ఆయన ఇటు తిరిగి ఒకటే మాట అడిగారట. తనకు అర్థం కాలేదట, కానీ విని విని నోటికొచ్చేసిందట. ఆ మాట పలికి చూపించింది.

"చిత్తి వచ్చిందా?"

ఆవిడ నోట 'ట' పలకలేదు గానీ, అది చిట్టి. అలా సునీతను పిలిచేది వాళ్ల నాన్న ఒక్కరే.

సునీత గొడుగు పారేసి బయటికి పరుగెత్తింది. అటూ ఇటూ సందులన్నీ వెతికి, తడిసి ముద్దయి తిరిగొచ్చింది. ఎవరూ కనబడలేదు.

నేను ఆ బెంచీ మీదే కూలబడి ఉన్నాను. అప్పటిదాకా దాచిన సంగతి దానికి చెప్పాను. ఆస్పత్రిలో ఆఖరి రోజు, నర్సు తలుపు తీసినప్పుడల్లా ఆయన తల తిప్పి అదే అడిగారు. "దారిలో ఉందండీ" అన్నాను ప్రతిసారీ. అసలు నేను దాన్ని రమ్మననే లేదు. ఆయనకు నయమవుతుందనుకున్నానో, దాని పరీక్షలు పోతాయనుకున్నానో, ఇప్పటికీ చెప్పలేను. ఆ గదిలో తెలుగు తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. ఆ మాట ఎవరికీ చెప్పలేదు.

"నువ్వు రమ్మనుంటే వచ్చేదాన్ని కదమ్మా. ఎగ్జామ్ వదిలేసి వచ్చేదాన్ని" అంది సునీత.

కోపంగా అన్నా బాగుండేది.

ఎన్ని విధాలుగా ఆలోచించినా నాకు అంతుపట్టలేదు. ఆ రోజు ఆ ఊళ్లో మరో తెలుగాయన ఉండొచ్చు. చిట్టి అనే మరో కూతురి కోసం ఎదురుచూస్తూ ఉండొచ్చు. నాకైతే నమ్మకం కుదరదు. ఒకవేళ అదే నిజమైతే, ఆ పిల్లయినా వేళకు వచ్చి ఉంటే బాగుండును.